తాళాలు ఎవరి చేతిలో: క్లౌడ్‌లో డేటా సైన్స్ వ్యాపారం

2006 అక్టోబరులో నెట్‌ఫ్లిక్స్ ఒక పోటీ పెట్టింది. ఏ ప్రేక్షకుడికి ఏ సినిమా నచ్చుతుందో అంచనా వేయడంలో తమ పద్ధతిని 10 శాతం మించినవారికి పది లక్షల డాలర్లు ఇస్తామంది. మూడేళ్లపాటు లెక్కలు వచ్చినవాళ్లంతా దాని మీద పడ్డారు. 2009లో ఒక బృందం గెలిచి సొమ్ము తీసుకుంది. గెలిచిన ఆ పద్ధతిని పూర్తి రూపంలో నెట్‌ఫ్లిక్స్ ఎన్నడూ వాడుకలో పెట్టలేదు. అనేక మోడళ్లను కలిపి కుట్టిన ఆ వ్యవస్థను నిత్యం నడపడానికి పట్టే శ్రమకు తగ్గ లాభం రాదని 2012లో ఆ కంపెనీవాళ్లే రాశారు. మొదటి ఏడాది మధ్యంతర బహుమతి పొందిన కలగూరగంప నుంచి రెండు పద్ధతుల్ని మాత్రం ఏరుకున్నారు. వాటిని సైతం పోటీలో ఇచ్చిన పది కోట్ల రేటింగుల స్థాయి నుంచి, అసలు సైటులో ఉన్న ఐదు వందల కోట్ల పైచిలుకు రేటింగుల స్థాయికి తేవడానికి చాలా పనే పట్టింది.

అదే పోటీకి ఇంకో కొస కూడా ఉంది. పేర్లు తీసేసిన రేటింగులే కదా, బయటికిస్తే ఏమవుతుందిలే అనుకున్నారు. సినిమాల సైటు ఐఎండీబీలో జనం బహిరంగంగా పెట్టుకున్న రేటింగులతో సరిపోల్చి, ఆ జాబితాలోని మనుషుల్ని గుర్తుపట్టవచ్చని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో అర్వింద్ నారాయణన్, విటాలీ ష్మాటికోవ్ చూపించారు. కోర్టులో దావా పడింది. 2010లో రెండో పోటీ ఆలోచన మానుకున్నారు.

ఈ రంగం గురించి వచ్చే రాతల్లో మోడల్ కచ్చితత్వం గురించిన మాటే ఎక్కువ. కొనేవాడు సంతకం పెట్టాలా వద్దా అని తటపటాయించేదీ, కొన్నాక కొంప మునిగేదీ ఎక్కువగా మరోచోట. ఆ మోడల్ కోసం ఏయే డేటాకు తలుపులు తెరిచారు, వాటి తాళాలు ఎవరి దగ్గరున్నాయి, పని అయ్యాక ఎవరైనా తిరిగి తీసుకున్నారా అన్న దగ్గర. ఈ ఇరవై ఏళ్ల అనుభవాన్ని ఆ వైపు నుంచి చూస్తే చాలా సంగతులు తేటపడతాయి.

డేటా సైంటిస్టు పని సాధారణంగా నోట్‌బుక్‌లో మొదలవుతుంది. ఫెర్నాండో పెరెజ్ 2001లో రాసిన ఐపైథాన్ 2014లో జూపిటర్‌గా విస్తరించింది. ప్రయోగాలకు ఇంత హాయైన పనిముట్టు మరొకటి లేదు. ఒక ముక్క రాయి, నడుపు, గ్రాఫు చూడు, పైకి వెళ్లి అంకె మార్చు, మళ్లీ నడుపు. చిక్కల్లా ఆ హాయిలోనే ఉంది. ముక్కల్ని ఏ వరసలో నడిపారో, చెరిపేసిన ముక్క ఏ విలువను మెమరీలో వదిలి వెళ్లిందో తర్వాత చూసేవారికి తెలియదు. గిట్‌హబ్‌లో దొరికే లక్షలాది నోట్‌బుక్‌లను మళ్లీ నడిపి చూసిన 2019 నాటి ఒక అధ్యయనంలో, తప్పు రాకుండా చివరిదాకా నడిచినవి 24 శాతం. మొదటిసారి వచ్చిన ఫలితమే తిరిగి వచ్చినవి 4 శాతం. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల బ్యానర్ల మీద డేటా సైన్స్ పేరు లేని గోడ లేదు గానీ, నోట్‌బుక్‌లో నడిచినదాన్ని మర్నాడు మరో యంత్రంలో నడిపించడమన్నది ఆ సిలబస్‌లలో చివరి వారానికి మిగిలిపోయే పాఠం.

యంత్రం మారినా పని ఆగకుండా ఉండే దారి 2013లో డాకర్‌తో తేలికైంది. ప్రోగ్రామును, దానికి కావలసిన లైబ్రరీలను, వాటి వెర్షన్లతో సహా ఒకే డబ్బాలో పెట్టి ఎక్కడికైనా పంపవచ్చు. ఆ డబ్బాలను వందల సంఖ్యలో నడిపించే కుబర్‌నెటీస్‌ను గూగుల్ 2014లో అందరికీ ఇచ్చేసింది. 2017లో అమెజాన్ సేజ్‌మేకర్ లాంటివి వచ్చాక, మోడల్‌ను ఏపీఐగా మార్చడం మధ్యాహ్నం భోజనం లోపు అయిపోయే పనిగా మారింది. ఆర్ భాషలో షైనీ, పైథాన్‌లో స్ట్రీమ్‌లిట్ వచ్చి, బటన్లూ స్లైడర్లూ ఉన్న తెరను కూడా డేటా సైంటిస్టే ఇరవై ముప్ఫై వరసల్లో తయారుచేసుకునే వీలు కల్పించాయి. ఇవన్నీ మంచి పనిముట్లే. డెమో చూపించడానికి కట్టిన పేజీ, లాగిన్ పెట్టకుండానే, ఖాతాదారుకు ఇచ్చే సరుకైపోవడం వీటితో వచ్చిన కొత్త జబ్బు.

2015లో గూగుల్‌కు చెందిన డి. స్కల్లీ బృందం రాసిన పత్రం ఇప్పటికీ ఈ విషయంలో మొదట చదవాల్సినది. మెషిన్ లెర్నింగ్ వ్యవస్థలో మోడల్ కోడ్ చిన్న ముక్క. దాని చుట్టూ డేటా సేకరణ, సరిచూసుకోవడం, నిఘా, యంత్రాల పంపకం వంటివి కొండంత ఉంటాయని, వాటిని వాయిదా వేస్తే అప్పులా వడ్డీతో మీద పడుతుందని ఆ పత్రం సారాంశం. అమ్మిన తర్వాత కూడా ఆ వడ్డీ ఆగదు. అమెరికాలో చాలా ఆసుపత్రులు వాడిన ఎపిక్ సంస్థ వారి సెప్సిస్ హెచ్చరిక మోడల్‌ను మిషిగన్ విశ్వవిద్యాలయం వారు తమ రోగుల మీద పరీక్షించి 2021లో ఫలితాలు ప్రచురించారు. సెప్సిస్ వచ్చిన రోగుల్లో 67 శాతం మందిని అది పట్టుకోలేకపోయింది. ఇళ్ల ధరలను అంచనా వేసి తానే కొనడానికి దిగిన జిల్లో, అదే ఏడాది నవంబరులో ఆ వ్యాపారాన్ని మూసేసి, ఉద్యోగుల్లో నాలుగో వంతు మందిని తగ్గించుకుంటామని ప్రకటించింది. ఈ రెండు చోట్లా సర్వర్ ఒక్క నిమిషం కూడా ఆగి ఉండకపోవచ్చు. 99.9 శాతం సమయం నడుస్తుందన్న హామీ సర్వర్‌కు వర్తిస్తుంది గానీ జవాబుకు వర్తించదు. ఒప్పందాల్లో మొదటిదాని గురించి పేజీలకు పేజీలు ఉంటాయి. రెండోదాని గురించి ఒక్క వాక్యం కనిపిస్తే సంతోషించాలి.

మోడల్ జవాబును వాడేవారికి అందించడం అన్న మాటకు మన దగ్గర దొరికే మంచి ఉదాహరణ కర్నూలు జిల్లా దేవనకొండ మండలం. పటాన్‌చెరులోని ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్‌తో కలిసి 2016 ఖరీఫ్‌లో అక్కడ 175 మంది వేరుశనగ రైతులకు ఎప్పుడు విత్తాలో చెప్పే సలహాలు పంపింది. మూడు దశాబ్దాల వాతావరణ లెక్కలు, వాటిమీద నడిచే మోడళ్లు అన్నీ మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లో ఉన్నాయి. రైతు చేతికి చేరింది తెలుగులో ఒక ఎస్సెమ్మెస్. స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, యాప్ దించుకోనక్కర్లేదు. జూన్ మొదట్లో తొందరపడి విత్తకుండా నెలాఖరు దాకా ఆగమన్నది ముఖ్యమైన సలహా. దిగుబడి సగటున 30 శాతం పెరిగిందని ఆ సంస్థలు ప్రకటించాయి. ఒక్క సీజను, 175 మంది రైతుల లెక్క మీద ఎంత బరువు మోపాలన్నది వేరే చర్చ. మోడల్ ఎంత పెద్దదైనా చివరి గజం దూరం ఎవరి ఫోనులో ఏ భాషలో దాటుతుందో ముందు తేల్చుకున్నారు చూడండి, అది నచ్చింది నాకు. నగరాల్లో అమ్ముడుపోతున్న డ్యాష్‌బోర్డుల్లో ఎన్నింటిని మూడో నెల తర్వాత ఎవరైనా తెరుస్తున్నారో కనుక్కుంటే ఈ తేడా అర్థమవుతుంది.

ఇక డబ్బు సంగతి. 2006లో అమెజాన్ మార్చిలో ఎస్3 నిల్వను, ఆగస్టులో ఈసీ2 యంత్రాలను అద్దెకివ్వడం మొదలుపెట్టాక, పది మంది ఉన్న కంపెనీ కూడా సర్వర్లు కొనకుండా పెద్ద బ్యాంకుకు సేవ అమ్మగలిగే రోజులొచ్చాయి. అయితే పాత సాఫ్ట్‌వేర్ లెక్క ఇక్కడ సాగదు. అప్పట్లో ఇంకో కాపీ అమ్మితే అదనపు ఖర్చు దాదాపు ఉండేది కాదు. మోడల్ ఇచ్చే ప్రతి జవాబుకూ యంత్రం తిరగాలి. జీపీయూ అద్దెకు తీసుకుంటే ఖాళీగా కూర్చున్న గంటకు కూడా బిల్లు పడుతుంది. నెలకింత అని గంపగుత్తగా అమ్మితే బాగా వాడే ఒక్క ఖాతాదారు లాభమంతా తినేస్తాడు. ఒక్కో జవాబుకు ఇంత అంటే, వచ్చే ఏడాదికి బడ్జెట్ ఎంత రాసుకోవాలో తెలియక కొనేవారి అకౌంట్స్ విభాగం ఒప్పుకోదు. కనీస రుసుము, ఆపైన వాడకాన్ని బట్టి అన్న నడిమి బేరం దగ్గరే ఎక్కువ మంది ఆగుతున్నారు. డేటాను క్లౌడ్ లోపలికి తేవడానికి చాలావరకు డబ్బులుండవు, బయటికి తీసుకెళ్లడానికి ఉంటాయి. పూర్తిగా వదిలి వెళ్లిపోయేవారి దగ్గర ఆ రుసుము తీసుకోబోమని గూగుల్, అమెజాన్ 2024లో ప్రకటించాయి. రోజువారీ రాకపోకలకు మాత్రం బిల్లు తడిసి మోపెడవుతూనే ఉంది.

భద్రత ఇక్కడే ధరలోకి దూరుతుంది. ఇరవై మంది ఖాతాదారులకు ఉమ్మడి కాపురం పెట్టాలా, ఎవరికి వారికి వేరు కాపురమా? అందరి డేటానూ ఒకే డేటాబేస్‌లో ఉంచి, ఏ వరస ఎవరిదో ఒక కాలమ్‌లో గుర్తు పెడితే ఖర్చు బాగా తగ్గుతుంది. ఎక్కడో ఒక క్వెరీలో ఆ గుర్తు అడగడం మరిచిపోతే ఒక ఆసుపత్రి రోగుల జాబితా మరో ఆసుపత్రి తెర మీద కనిపిస్తుంది. ఒక్కొక్కరికి విడి క్లౌడ్ ఖాతా, విడి ఎన్‌క్రిప్షన్ తాళం ఇస్తే ఆ భయం చాలావరకు పోతుంది. కానీ ఇరవై బిల్లులు, ఇరవై చోట్ల అప్‌డేట్లు. మూడో దారి మోడల్‌నే డబ్బాలో పెట్టి కొనేవారి క్లౌడ్ ఖాతాలోకి పంపడం. డేటా గడప దాటదు కాబట్టి బ్యాంకులకు ఇది ఇష్టం. తమ మోడల్‌ను ఎత్తుకుపోతారేమోనన్న బెంగ అప్పుడు అమ్మేవారికి పట్టుకుంటుంది. ఆరోగ్యం, బ్యాంకింగ్ డేటాకు వేరు కాపురం తప్పదని నా అభిప్రాయం. చౌక టెండరుకు ఉమ్మడి కాపురం పెట్టి, బ్రోషర్‌లో అత్యున్నత భద్రత అని రాసుకోవడం ఈ వ్యాపారంలో అందరికీ తెలిసిన గుట్టు.

డేటా సైన్స్‌లో ఇంకో మెలిక కూడా ఉంది. డేటాబేస్‌లు వేరు చేసినా అందరి డేటాతో ఒకే మోడల్‌కు తర్ఫీదు ఇస్తే, ఒక కంపెనీ అనుభవం దాని పోటీదారుకు పరోక్షంగా అందుతుంది. అలా చేయవచ్చా లేదా అన్నది ఒప్పందంలో స్పష్టంగా లేకపోతే తర్వాత లాయర్లకు పని.

క్లౌడ్ కంపెనీలు మొదటినుంచీ ఒక గీత గీసి చెబుతున్నాయి. భవనం, యంత్రాలు, వాటి కింది పొర భద్రత మాది. పైన మీరు పెట్టే డేటా, ఇచ్చే అనుమతులు మీవి. గీత స్పష్టంగానే ఉంది. ఇప్పటిదాకా పేరుమోసిన ప్రమాదాల్లో ఎక్కువ భాగం ఆ గీతకు ఇవతలే, అంటే వాడుకునేవారి వైపే జరిగాయి.

క్యాపిటల్ వన్ బ్యాంకు సంగతే చూడండి. 2019 మార్చిలో ఒక మహిళ, సరిగ్గా అమర్చని ఫైర్‌వాల్ ద్వారా, దాన్ని నడిపే యంత్రం చేతే దాని తాత్కాలిక తాళాలను చెప్పించుకుంది. అంతవరకే అయితే చిన్న నష్టంతో పోయేది. ఆ ఫైర్‌వాల్‌కు ఇచ్చిన అనుమతితో బ్యాంకు నిల్వలోని ఫైళ్ల జాబితా చూడవచ్చు, వాటిని చదవనూవచ్చు. లోపలికి వచ్చే పోయే రాకపోకల్ని వడకట్టే ప్రోగ్రాముకు క్రెడిట్ కార్డు దరఖాస్తులు చదివే అవసరం ఏమిటి? అమెరికాలో సుమారు పది కోట్లు, కెనడాలో 60 లక్షల మంది వివరాలు పోయాయి. డేటా ఎన్‌క్రిప్ట్ చేసే ఉంది. అయితే దొరికిన అనుమతితో అది విప్పబడింది కూడా. జులైలో బయటి వ్యక్తి ఒకరు ఈమెయిలు పంపితే తప్ప బ్యాంకుకు తెలియలేదు. మరుసటి ఏడాది నియంత్రణ సంస్థ ఎనిమిది కోట్ల డాలర్ల జరిమానా వేసింది. పోయినవాటిలో 2005 నాటి దరఖాస్తులు కూడా ఉన్నాయి. పద్నాలుగేళ్ల కిందటి కాగితాన్ని అందుబాటులో ఉంచడానికి సంస్థలు చెప్పే కారణం తరచూ ఒకటే, ఎప్పుడైనా మోడల్‌కు పనికొస్తుందని. డేటా సైన్స్ తెచ్చిన దాచుకునే అలవాటుకు కట్టాల్సిన వెల లెక్కలో ఇది కూడా ఉండాలి.

మైక్రోసాఫ్ట్ పరిశోధకుల ఉదంతం ఈ వ్యాసానికి మరీ దగ్గరిది. బొమ్మల్ని గుర్తుపట్టే మోడళ్లను అందరికీ పంచడానికి వాళ్లు గిట్‌హబ్‌లో ఒక లింకు పెట్టారు. ఆ లింకులోని టోకెన్ మోడళ్లున్న ఫోల్డరుకే పరిమితం కాకుండా మొత్తం నిల్వ ఖాతాను తెరిచేలా ఉంది. 38 టెరాబైట్లు. అందులో ఇద్దరు ఉద్యోగుల కంప్యూటర్ల బ్యాకప్‌లు, పాస్‌వర్డులు, ముప్ఫై వేలకు పైగా టీమ్స్ సందేశాలు. చదవడానికే కాదు, మార్చడానికీ చెరపడానికీ అనుమతి ఉంది. గడువు 2051 దాకా. విజ్ అనే భద్రతా సంస్థ 2023 జూన్‌లో చెప్పేదాకా అలాగే ఉంది. దురుద్దేశం ఉన్నవాడు మోడల్ ఫైళ్లలోనే విషం కలిపి ఉంటే, వాటిని దించుకున్న ప్రతివారి యంత్రంలోనూ అది నడిచి ఉండేది.

2024లో క్లౌడ్ డేటా నిల్వ సంస్థ స్నోఫ్లేక్ ఖాతాదారుల మీద జరిగిన దాడి ఇంకా నాటుగా జరిగింది. ఎప్పుడో వైరస్‌ల ద్వారా దొంగిలించిన పాస్‌వర్డులతో నేరుగా లాగిన్ అయ్యారు. రెండో అంచె ధ్రువీకరణ లేని ఖాతాలు దొరికాయి. సుమారు 165 సంస్థలను అప్రమత్తం చేయాల్సి వచ్చిందని భద్రతా సంస్థ మాండియంట్ తెలిపింది. టికెట్‌మాస్టర్, ఏటీ అండ్ టీ వాటిలో ఉన్నాయి. ఏటీ అండ్ టీ మొబైల్ ఖాతాదారుల్లో దాదాపు అందరివీ 2022లో ఆరు నెలల కాల్ రికార్డులు పోయాయి. స్నోఫ్లేక్ సొంత గోడలు చెక్కుచెదరలేదు. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు తప్పును అందరూ పంచుకున్నారు. రెండో అంచెను తప్పనిసరి చేయడం మాత్రం ఆ తర్వాతే మొదలైంది.

ఈ మూడు ఉదంతాల్లోనూ గణితం తప్పలేదు, ఎన్‌క్రిప్షన్ విరగలేదు. అవసరానికి మించిన అనుమతి, దాన్ని తిరిగి తీసుకోని నిర్లక్ష్యం. ఇది డేటా సైన్స్ బృందాల్లో ఎందుకు ఎక్కువన్నది కూడా ఊహించడం కష్టం కాదు. పరిశోధన దశలో ఏ కాలమ్ పనికొస్తుందో ముందే తెలియదు కాబట్టి అన్నీ అడుగుతారు. అది న్యాయమైన కోరికే. మోడల్ కుదిరాక దానికి పదకొండు కాలమ్‌లు చాలని తేలుతుంది. అనుమతి మాత్రం మొదటి రోజు ఇచ్చినదే ప్రొడక్షన్‌లోకి నడుస్తుంది, ఎందుకంటే తగ్గిస్తే ఏదైనా ఆగిపోతుందేమోనని భయం, గడువేమో శుక్రవారం. పరిశోధన ఖాతా ఒకటి, అమ్మకపు ఖాతా మరొకటి అన్న విభజనను మొదటి రోజే చేయాలి. తాళాలు కోడ్‌లో రాయకుండా, గంటల్లో కాలం తీరిపోయేవి వాడాలి. ఇందులో కొత్త విద్య ఏదీ లేదు. చేసినవారికి మెప్పు ఉండదు, అంతే.

మోడళ్లకే ప్రత్యేకమైన ప్రమాదాలూ ఉన్నాయి, కొంచెం తక్కువ చప్పుడుతో. పైథాన్‌లో మోడల్‌ను దాచే పికిల్ ఫైలు తెరవడమంటే అందులో ఉన్న ప్రోగ్రామును నడపడమే. ఎవరో పంచిన మోడల్‌ను దించుకుని తెరిస్తే వాళ్ల కోడ్ మీ సర్వర్‌లో నడవవచ్చు. హగ్గింగ్ ఫేస్ సంస్థ తెచ్చిన సేఫ్‌టెన్సర్స్ ఫైలు పద్ధతి దీనికి సూటైన మందు. కొత్తగా కట్టేవారు పికిల్ వాడటానికి ఇప్పుడు సాకు లేదు. 2022 క్రిస్మస్ వారంలో పైటార్చ్ రోజువారీ వెర్షన్ దించుకున్నవారికి, దానికి అవసరమైన ఒక లైబ్రరీ పేరుతోనే పెట్టిన నకిలీ సరుకు ఐదారు రోజులపాటు అందింది. మరోవైపు, ఏపీఐని ప్రశ్నలతో ముంచెత్తి మోడల్‌కు నకలు తయారుచేయవచ్చని ట్రామెర్ బృందం 2016లో చూపించింది. ఫలానా వ్యక్తి రికార్డు తర్ఫీదు డేటాలో ఉందా లేదా అన్నది మోడల్ జవాబుల నుంచే రాబట్టవచ్చని రెజా షోక్రీ బృందం 2017లో చూపించింది. ఆసుపత్రి డేటా మీద కట్టిన మోడల్‌కు రెండోది చిన్న సంగతి కాదు. మనిషికి ఇన్ని ప్రశ్నలేనని పరిమితి పెట్టడం, జవాబులో దశాంశాలు తగ్గించడం వంటి చిన్న పనులు దాడిని ఖరీదు చేస్తాయి గానీ పూర్తిగా ఆపవు. డిఫరెన్షియల్ ప్రైవసీ గట్టి హామీ ఇస్తుంది, బదులుగా కొంత కచ్చితత్వం అడుగుతుంది. డేటాను లెక్క జరిగేటప్పుడు కూడా క్లౌడ్ యజమానికి కనిపించకుండా దాచే కాన్ఫిడెన్షియల్ కంప్యూటింగ్ ఆశ పుట్టిస్తోంది. అయితే టోకెన్‌ను గిట్‌హబ్‌లో పెట్టేవారిని అది కాపాడదు. ఈ పద్ధతికి వాడే ఇంటెల్ ఎస్‌జీఎక్స్‌కు 2018లోనే గండి పడిందని కూడా గుర్తుంచుకోవాలి.

చట్టం విషయానికొస్తే, చెల్లింపుల డేటా దేశంలోనే ఉండాలని రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్‌లో చెప్పి ఆరు నెలల గడువిచ్చింది. సైబర్ ప్రమాదాన్ని ఆరు గంటల్లో తెలపాలని, సిస్టం లాగ్‌లు 180 రోజులు ఉంచాలని కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022లో ఆదేశించింది. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం జరిమానాను 250 కోట్ల రూపాయల దాకా పెట్టింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. అమెజాన్ 2016లో ముంబైలో, 2022 నవంబరులో హైదరాబాద్‌లో తన డేటా సెంటర్ రీజియన్‌లు తెరవడంతో, దేశం దాటకుండానే రెండు నగరాల్లో నకళ్లు ఉంచుకోవడం కుదిరింది. ఇది మంచిదే. కానీ డేటా హైదరాబాద్ శివార్లలో ఉన్నా, దాని తాళం ఎవరి ల్యాప్‌టాప్‌లో ఉందన్న ప్రశ్నకు ఊరు జవాబు చెప్పదు. నియంత్రణ సంస్థల పత్రాల్లో చోటు గురించి ఉన్నంత స్పష్టత అనుమతుల గురించి లేదన్నది నా ఫిర్యాదు.

రిజర్వు బ్యాంకు 2023 నాటి ఐటీ అవుట్‌సోర్సింగ్ నిబంధనల్లో బయటపడే దారి గురించి ముందే ఆలోచించుకోమని అడగడం మాత్రం మెచ్చుకోదగ్గది. ఎందుకో రెండు సంస్థల సంగతి చూస్తే తెలుస్తుంది. 2014 జూన్‌లో కోడ్ స్పేసెస్ అనే కంపెనీ అమెజాన్ ఖాతా నియంత్రణ పేజీ ఒక దుండగుడి చేతికి చిక్కింది. డబ్బివ్వమన్నాడు. కంపెనీ పాస్‌వర్డులు మార్చబోతే, ముందే చేసిపెట్టుకున్న మరో లాగిన్‌తో వచ్చి చెరిపేశాడు. బ్యాకప్‌లు కూడా అదే ఖాతాలో ఉన్నాయి. పన్నెండు గంటల్లో చాలావరకు పోయాయి, కంపెనీ మూతపడింది. 2024 మేలో ఆరు లక్షల మందికి పైగా సభ్యులున్న ఆస్ట్రేలియా పింఛను సంస్థ యూనిసూపర్ ప్రైవేటు క్లౌడ్‌ను గూగుల్ పొరపాటున తొలగించింది. ఏర్పాటు చేసేటప్పుడు ఒక గడి ఖాళీగా వదిలేశారు. దాంతో దానంతటదే ఏడాది గడువు పడి, గడువు తీరగానే చెరిగిపోయింది. వారం పైగా సేవలు స్తంభించాయి. మరో క్లౌడ్ సంస్థ దగ్గర విడిగా ఉంచుకున్న నకళ్లు కూడా తోడై యూనిసూపర్ తిరిగి లేచింది. ఆ విడి నకలుకు నెలనెలా అద్దె కట్టాలి. టెండరులో ధర తగ్గించమన్నప్పుడు కొట్టేసే పద్దుల్లో మొదటిది సాధారణంగా అదే.